మింగింది దిగని జబ్బు: అకలేజియా, పోయెమ్‌తో నా అనుభవం

అన్నం మింగితే ఛాతీ మధ్యలో ఆగిపోవడం, మంచినీళ్లు తాగినా అవీ అక్కడే నిలబడటం, రాత్రి పడుకున్నాక తిన్నది తిన్నట్టే నోట్లోకి రావడం... ఈ మూడూ కలిసి ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. మామూలు ఎసిడిటీ ఉన్నవాళ్లకి ఇందులో పనికొచ్చేది పెద్దగా లేదు. నా జబ్బు పేరు అకలేజియా కార్డియా, అంటే అన్నవాహిక చివర పొట్టకి ముందుండే కండరం తెరుచుకోకపోవడం. పోయెమ్ (పెర్ ఓరల్ ఎండోస్కోపిక్ మయాటమీ) అంటే నోట్లోంచి ఎండోస్కోప్ పంపి ఆ కండరాన్ని కోసే పద్ధతి. ఏడాదికి సుమారు లక్ష మందిలో ఒకరికి కొత్తగా వస్తుందని అంచనా, అంటే మీ ఫ్యామిలీ డాక్టర్ చదువుకునే రోజుల్లో పుస్తకంలో చూసి ఉంటారు, తర్వాత ఒక్క కేసు కూడా ఎదురుపడకపోయినా ఆశ్చర్యం లేదు.

మాది ఏలూరు, బ్యాంకులో పని. మొదట్లో అప్పుడప్పుడు ముద్ద పట్టేసేది, అంతే. నీళ్లు తాగితే జారిపోయేది. తర్వాత తర్వాత ప్రతి పూటా అదే వరస. ఘన పదార్థాలూ ద్రవాలూ రెండూ ఒకేలా ఆగేవి, ఒక్కోసారి ఇడ్లీ దిగిపోయి మజ్జిగ ఆగేది. దీనికి ఎంత విలువ ఉందో నాకు తర్వాత తెలిసింది: దారికి ఏదైనా అడ్డుపడితే, అంటే గడ్డలాంటిది ఉంటే, సాధారణంగా ముందు గట్టివి ఆగుతాయి, అది పెరిగాక ద్రవాలు ఆగుతాయి. మొదటినుంచీ రెండూ ఆగుతున్నాయంటే కండరం కదలికలోనే తేడా ఉందేమోనని అనుమానించాలట. నాకైతే అదేం తెలియదు, చల్లటి నీళ్లకి ఛాతీ బిగుసుకుపోతోందని గోరువెచ్చటి నీళ్లు తాగేవాణ్ణి, తింటూ తింటూ లేచి నిలబడి, రెండు చేతులూ వెనక్కి చాపి గట్టిగా ఊపిరి పీల్చేవాణ్ణి, దాంతో కాస్త దిగేది. ఈ జబ్బున్న చాలామంది ఎవరూ చెప్పకుండానే ఇలాంటి ఆసనం ఒకటి కనిపెట్టుకుంటారని హైదరాబాద్‌లో డాక్టరు గారు నవ్వుతూ అన్నారు. పెళ్లి భోజనాలకి వెళ్లడం మాత్రం మానేశా, పంక్తిలో మధ్యలో లేచి చేతులు చాపుకుని నిలబడితే ఎవరికని చెప్పుకుంటాం.

ఇక మందుల కథ. పరగడుపున యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్, తర్వాత దాంట్లోనే డోంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్, తర్వాత సిరప్పు. ఎండోస్కోపీ చేశారు, రిపోర్టులో పొట్ట చివర కొంచెం వాపు ఉందని రాశారు. మన దగ్గర ఎండోస్కోపీ చేయించుకున్న వందమందిలో ఎంతమందికి ఆ లైను ఉండదో నాకు డౌటే. పొట్టలో హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందని యాంటీబయాటిక్స్ కోర్సు కూడా వాడాను. ఆ కోర్సు అయ్యాకా ముద్ద అక్కడే ఆగుతోంది. అప్పటికి స్ట్రెస్ అనే మాట మొదలైంది, ఉద్యోగం టెన్షన్ తగ్గించుకోండి, యోగా చేయండి అన్నారు. మా అమ్మ "ఒరేయ్ నాన్నా, దిష్టి తగిలిందిరా" అని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. రెండింట్లో అమ్మ వైద్యమే నయం, ఖర్చు లేదు.

ఎండోస్కోపీ నార్మల్ అంటే అన్నవాహిక నార్మల్ అని కాదు. కెమెరాకి కనిపించేది లోపలి పొర. అకలేజియాలో దెబ్బతినేది ఆ పొర వెనక కండరాల మధ్య ఉండే నరాల కణాలు. మింగగానే అన్నవాహిక పైనుంచి కిందికి అలలాగా నొక్కుకుంటూ రావాలి, అదే సమయంలో చివర పొట్టకి ముందుండే బిగింపు కండరం వదులవ్వాలి. ఆ వదులవ్వమనే కబురు ఇచ్చే కణాలు చచ్చిపోతే అల పోతుంది, కింది కండరం బిగిసే ఉంటుంది. ఎందుకు చచ్చిపోతాయో పూర్తిగా తేలలేదు, ఏదో వైరస్ వచ్చి వెళ్లాక మన ఇమ్యూనిటీయే ఆ కణాల మీద తిరగబడుతుందని ఎక్కువమంది అనుమానం. దక్షిణ అమెరికాలో అయితే షాగస్ అనే పరాన్నజీవి జబ్బు వల్ల కూడా అచ్చం ఇలాగే అవుతుంది. జబ్బు ముదిరితే ఎండోస్కోపీలోనే అన్నవాహిక వెడల్పయినట్టు, అడుగున అన్నం నిలవున్నట్టు కనిపిస్తుంది. మొదట్లో అస్సలు ఏమీ తెలియకపోవచ్చు. అలాగని ఎండోస్కోపీ అక్కర్లేదని కాదు, పొట్ట మొదట్లో క్యాన్సర్ గడ్డ ఉన్నా అచ్చం ఇవే లక్షణాలు రావచ్చు, అది లేదని తేల్చుకోవాలంటే చూడాల్సిందే.

నా విషయంలో దారి చూపించింది ఊపిరితిత్తుల డాక్టరు. రాత్రిళ్లు దగ్గు ఎక్కువైపోయి, ఆస్తమా ఏమోనని వెళ్లాం. ఆవిడ ఎక్స్‌రే చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "రాత్రి నోట్లోకి వచ్చేది పుల్లగా ఉంటుందా, చప్పగా ఉంటుందా?" చప్పగానే ఉంటుందండీ, అన్నం మెతుకులు మెతుకుల్లాగే వస్తాయి అన్నాను. పక్కనుంచి మా ఆవిడ "దిండు గలీబుల మీద పప్పు మరకలేనండీ" అంది. పొట్టలోకి దిగి వెనక్కి వచ్చింది పుల్లగా, చేదుగా ఉండాలి, చప్పగా ఉందంటే అది పొట్టదాకా వెళ్లనే లేదన్నమాట. ఎక్స్‌రేలో ఎడమ పక్కన మామూలుగా కనిపించే పొట్టలోని గాలి బుడగ కూడా నాకు కనిపించలేదట. దగ్గు ఆస్తమా కాదు, ఆ నిలవున్న తిండి నిద్రలో కొంచెం కొంచెంగా ఊపిరి గొట్టంలోకి జారడం. అన్ని నెలలుగా అంతమంది అడగని ప్రశ్న అది, అర నిమిషం కూడా పట్టలేదు.

బేరియం పరీక్ష విజయవాడలో చేయించాం. సున్నం కలిపినట్టుండే తెల్లటి ద్రవం నిలబడి తాగాలి, ఒక నిమిషానికి, రెండు నిమిషాలకి, ఐదు నిమిషాలకి ఎక్స్‌రేలు తీస్తారు. అయిదో నిమిషంలో తీసిన దాంట్లో కూడా ఆ తెల్లటి స్తంభం నిలబడే ఉంది, వాష్‌బేసిన్ కన్నం పూడుకుపోతే నీళ్లు నిలబడ్డట్టు. చివర మాత్రం సన్నగా, మొనదేలి ఉంటుంది, దాన్ని పక్షి ముక్కు అంటారు, రిపోర్టులో ఆ మాట ఉంటే దాదాపు తేలిపోయినట్టే. అయినా మానోమెట్రీ, అంటే అన్నవాహికలో ఒత్తిడి కొలిచే పరీక్ష, చేయించుకోకుండా ట్రీట్‌మెంట్‌కి దిగొద్దని హైదరాబాద్‌లో గట్టిగా చెప్పారు.

ఈ మానోమెట్రీ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను వెతికినప్పుడు ఎక్కడా సరిగ్గా దొరకలేదు. మత్తు ఇవ్వరు. ముక్కులో జెల్లీ పూసి సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి గొంతులోకి, అక్కడినుంచి పొట్టదాకా దింపుతారు, దాని పొడవునా ఒత్తిడి కొలిచే సెన్సర్లు ఉంటాయి, నాకు వాడిన దానికి 36 ఉన్నాయని చెప్పారు. గొంతు దాటేటప్పుడు వాంతి వచ్చినట్టవుతుంది, కళ్లమ్మట నీళ్లు కారతాయి, అది చాలామందికి తప్పదు, నీళ్లు చప్పరిస్తూ మింగుతుంటే త్వరగా దాటుతుంది. అకలేజియా వాళ్లకి అసలు కష్టం ఆ తర్వాత, కింద బిగిసిన చోట గొట్టం లోపలికి వెళ్లదు, చుట్టుకుని వెనక్కి వస్తుంది. నాకు రెండోసారి తీసి పెట్టాల్సి వచ్చింది. దిగాక పడుకోబెట్టి, సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్లు నోట్లో వేసి మింగమంటారు, అలా పదిసార్లు. మింగడం కష్టం కాదు, మధ్యలో మింగకుండా ఉండటమే కష్టం. ఒక గుక్కకీ ఇంకో గుక్కకీ మధ్య అర నిమిషం ఉమ్మి కూడా మింగకూడదు. గొంతులో గొట్టం పెట్టుకుని మింగకుండా ఉండి చూడండి, తెలుస్తుంది. టెక్నీషియన్ అమ్మాయి ఓపిగ్గా "వద్దు సార్, వద్దు సార్, ఇప్పుడు మింగండి సార్" అంటూనే ఉంది.

స్క్రీన్ మీద ఒత్తిడి రంగుల్లో కనిపిస్తుంది. బాగున్నవాళ్లకి ఒక ఏటవాలు పట్టీ పైనుంచి కిందికి దిగుతుంది. నాకు ఆ ఏటవాలు లేదు, మింగిన ప్రతిసారీ అన్నవాహిక మొత్తం ఒక్కసారే నిటారుగా రంగెక్కింది. కింది కండరం వదులైనప్పుడు ఉండాల్సిన ఒత్తిడి ఆ మిషన్ లెక్కలో 15 లోపు, నాకు 30 దాటింది. దీన్ని టైప్ 2 అన్నారు. చికాగో వర్గీకరణ అని ఒకటుంది, దాని ప్రకారం అకలేజియా మూడు రకాలు: టైప్ 1లో అన్నవాహిక చతికిలబడిపోయి కదలికే ఉండదు, టైప్ 2లో నాలాగా మొత్తం ఒకేసారి ఒత్తిడి ఎక్కుతుంది, టైప్ 3లో పట్టేసినట్టు అకాలంలో గట్టిగా ముడుచుకుంటుంది, ఛాతీ నొప్పి కూడా బాగా ఉంటుంది. ఏ ట్రీట్‌మెంట్‌కైనా బాగా లొంగేది టైప్ 2. టైప్ 3 అయితే కండరాన్ని ఎక్కువ పొడవున కోయాలి, అందుకే బెలూన్‌తో సాగదీయడం కంటే పోయెమ్ వైపు మొగ్గుతారు. అంటే ట్రీట్‌మెంట్ ఏది, కోత ఎంత అనేది ఈ రంగుల బొమ్మ చూసి నిర్ణయించేదే, అందుకే ఇది దాటేసి నేరుగా ప్రొసీజర్ డేట్ ఇచ్చేవాళ్లంటే నాకు నమ్మకం లేదు.

అక్కడే ఎకార్ట్ స్కోరు కూడా వేశారు. మింగడం, వెనక్కి రావడం, ఛాతీ నొప్పి, బరువు తగ్గడం, నాలుగింటికీ సున్నా నుంచి మూడు చొప్పున మొత్తం 12. నాకు 8 వచ్చింది. ట్రీట్‌మెంట్ తర్వాత 3 లేదా అంతకంటే తక్కువుంటే పనిచేసినట్టు లెక్క.

ఇప్పుడు అసలు విషయం. చచ్చిన నరాల కణాలని తిరిగి తెచ్చే మందు ఇంతవరకు లేదు. చేయగలిగిందల్లా కింద బిగిసిన కండరాన్ని తెరవడం, అన్నం దాని బరువుకి అదే దిగిపోతుంది. ఈ ఆలోచన చాలా పాతది, 1674లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు డాక్టరు తిమింగలం ఎముక చివర స్పాంజి కట్టి ఒక రోగికి ఇచ్చాడు, ఆయన తిన్న ప్రతిసారీ దాంతో అన్నం కిందికి తోసుకునేవాడట. నా జీవితంలో చదివిన మెడికల్ హిస్టరీలో ఇంతగా మనసుకి తగిలింది ఇంకోటి లేదు. 1913లో హెల్లర్ అనే జర్మన్ సర్జన్ పొట్ట కోసి ఆ కండరాన్ని చీల్చాడు, దాన్నే ఇప్పుడు లాపరోస్కోపీలో చేస్తారు. బెలూన్ పెట్టి సాగదీయడం ఇంకో పద్ధతి. కండరాన్ని వదులు చేసే బోటాక్స్ ఇంజెక్షన్ కూడా ఉంది, కాకపోతే దాని ప్రభావం కొన్ని నెలలకి తగ్గిపోతుంది, మత్తు తట్టుకోలేని పెద్దవాళ్లకే ఎక్కువగా వాడతారు. పోయెమ్ వీటన్నిటికంటే కొత్తది. పంకజ్ పస్రీచా బృందం 2007లో పందుల్లో ఈ దారి సాధ్యమేనని చూపించింది, 2008లో జపాన్‌లో హరుహిరో ఇనోవే మొదటిసారి మనిషికి చేశారు, ఆయన పేపరు 2010లో వచ్చింది. హైదరాబాద్‌కి ఇది త్వరగానే వచ్చింది, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వాళ్లు 400కి పైగా రోగుల ఫలితాలు 2017లోనే ప్రచురించారు. టైప్ 1, టైప్ 2 వాళ్లకి పొట్టి కోత కూడా పొడుగు కోత అంత బాగానే పనిచేస్తుందని చూపించిన ట్రయల్ కూడా అక్కడిదే.

సర్జరీనా, పోయెమ్మా, బెలూనా అని నేనూ మా బావా రాత్రంతా కూర్చుని చదివాం. బావ ఫార్మసిస్టు కాబట్టి పేపర్లు తిప్పడం వచ్చు. 2019లో రెండు పెద్ద ట్రయల్స్ వచ్చాయి. ఒకదాంట్లో 221 మందిని లాపరోస్కోపీకీ పోయెమ్‌కీ లాటరీ పద్ధతిలో పంచారు, రెండేళ్లకి పోయెమ్‌లో 83 శాతం, సర్జరీలో 81.7 శాతం బాగున్నారు, అంటే మింగడం విషయంలో ఇదీ అదీ ఒకటే. రెండోదాంట్లో 133 మంది, బెలూన్‌తో పోలిక: పోయెమ్ 92 శాతం, బెలూన్ 54 శాతం. ఇక్కడిదాకా అంతా బాగుంది. కానీ మొదటి ట్రయల్లోనే ఇంకో లైను ఉంది, పోయెమ్ చేయించుకున్నవాళ్లలో మూడు నెలలకి 57 శాతం మందికి యాసిడ్ పైకి వచ్చి అన్నవాహిక లోపల ఒరుసుకుపోయింది, సర్జరీ వాళ్లలో అది 20 శాతమే. రెండేళ్లకి 44, 29. కారణం సింపుల్, సర్జన్ కండరం కోశాక పొట్ట పైభాగాన్ని కొంచెం చుట్టి కుడతాడు, అది యాసిడ్‌కి అడ్డు. పోయెమ్‌లో ఆ అడ్డు ఉండదు. నాకు ఇది ఎవరూ ముందుగా చెప్పలేదు, అడిగితే మాత్రం దాచలేదు, "అవునండీ, చాలామందికి మందులతో సర్దుకుంటుంది, కొంతమందికి ఎక్కువకాలం వాడాల్సొస్తుంది" అన్నారు. నేను లెక్కేసుకున్నది ఇది: యాసిడ్‌కి మాత్ర ఉంది, దిగని అన్నానికి మాత్ర లేదు. పోయెమ్ అన్నాను. మీ వయసు, మీ టైపు, మీ దగ్గరున్న డాక్టరుకి దేంట్లో చేయి తిరిగిందో దాన్నిబట్టి మీ లెక్క వేరుగా రావచ్చు.

ఇన్సూరెన్స్ వాళ్ల నుంచి ఒక క్వెరీ వచ్చింది, ఎండోస్కోపీకి అడ్మిషన్ దేనికి అని. పేరులో ఎండోస్కోపిక్ అని ఉండటమే దాని పాపం. జనరల్ అనస్తీషియా ఇచ్చి కండరం కోస్తారని డాక్టరు లెటర్ రాసిచ్చాక ఒప్పుకున్నారు. ఆ లెటర్ ముందే పెట్టించుకుంటే ఒక గండం తప్పుతుంది.

ముందు రెండు రోజులు ద్రవాలు మాత్రమే, నాకు అవి ఎలాగూ అలవాటే. లోపల నిలవున్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉండాలని ఈ కట్టడి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. ఆపరేషన్ థియేటర్లో నాకు గుర్తున్నది మాస్క్ పెట్టడం వరకే, మిగతాది వీడియో చూపిస్తే తెలిసింది. అన్నవాహిక లోపలి పొర కింద రంగు కలిపిన సెలైన్ ఎక్కించి ఉబ్బిస్తారు, అక్కడ చిన్న గాటు పెట్టి ఆ పొర కిందుగా సొరంగం చేసుకుంటూ పొట్టలోకి రెండు మూడు సెంటీమీటర్లదాకా వెళ్తారు. వెనక్కి వస్తూ గుండ్రంగా ఉన్న కండరాన్ని కోసుకుంటూ వస్తారు. చివరికి గాటుని మెటల్ క్లిప్పులతో మూసేస్తారు, అవి కొన్నాళ్లకి వాటంతటవే రాలిపోతాయి. కోత ఒకచోట, గాటు ఒకచోట కాబట్టి పైన చెక్కుచెదరని పొర మూతలా ఉంటుంది, తిన్నది ఛాతీలోకి లీకవ్వదు. బయట చర్మం మీద ఒక్క గీత కూడా ఉండదు. మా అమ్మకైతే ఇప్పటికీ ఆపరేషన్ జరిగిందంటే నమ్మకం లేదు.

లేచాక గొంతు మంట, ఛాతీ మధ్యలో బరువు. మెడ దగ్గర చర్మం నొక్కితే కరకరమంది, భయపడి బెల్ కొట్టాను. లోపలికి పంపే కార్బన్ డయాక్సైడ్ కొంచెం చర్మం కిందికి చేరుతుంది, తొందరగా కరిగిపోతుంది, అందుకే మామూలు గాలి వాడరు అని నర్సమ్మ చెప్పింది. మర్నాటిదాకా ఒక్క చుక్క నీళ్లు కూడా ఇవ్వలేదు. పొద్దున కాంట్రాస్ట్ మందు తాగించి ఎక్స్‌రే తీశారు, లీకు లేదు, మందు ఆగకుండా పొట్టలోకి పోయింది. తర్వాత నీళ్లు. ఆ గుక్క ఎక్కడిదాకా వచ్చిందో ఇదివరకు ప్రతిసారీ తెలిసేది, ఈసారి గొంతు దాటాక ఏమైపోయిందో తెలియలేదు. జ్వరం గానీ, తీవ్రమైన నొప్పి గానీ వస్తే వెంటనే రమ్మని కాగితం మీద రాసిచ్చి పంపించారు.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు జావ, మజ్జిగ, మెత్తగా పిసికిన పెరుగన్నం. తర్వాత ఇడ్లీ, పప్పన్నం. గట్టి మాంసం ముక్క, పొడి చపాతీ మాత్రం ఇప్పటికీ నీళ్లు లేకుండా దిగవు. ఇది అర్థం చేసుకోవాలి, అల తిరిగి రాలేదు, గేటు మాత్రమే తెరుచుకుంది. తిన్నాక కాసేపు నిటారుగా ఉండాలి, పడుకునే ముందు మూడు గంటలు ఏమీ తినకూడదు, మంచం తలవైపు కాళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టించాను. పోయిన బరువు చాలావరకు వచ్చేసింది, స్కోరు 1.

మూడు నెలల తర్వాత ఎండోస్కోపీలో తేలికపాటి ఒరుపు కనిపించింది, గ్రేడ్ ఎ అని. మంట మాత్రం నాకేం తెలియడం లేదు, అకలేజియా వాళ్లలో చాలామందికి యాసిడ్ వచ్చినా తెలియదట, అందుకే బాగానే ఉన్నానని చెకప్ ఎగ్గొట్టకూడదు. మందు ఏం రాశారో చెప్పనా? పరగడుపున పాంటోప్రజోల్! అప్పట్లో అవసరం లేకుండా అన్ని నెలలు మింగించిన మాత్ర, ఇప్పుడు నిజంగానే కావాల్సొచ్చింది. అన్నవాహికలో క్యాన్సర్ వచ్చే అవకాశం ఈ జబ్బువాళ్లకి మామూలు వాళ్లకంటే కొంచెం ఎక్కువ, పోయెమ్‌తో అది పోదు, కాబట్టి కొన్నేళ్లకోసారి చూపించుకుంటూ ఉండమన్నారు.

ఇంకో చిన్న సంగతి, ఎవరైనా టెస్టులు ఒకచోట చేయించుకుని ఇంకోచోట చూపించుకునేటట్టయితే: మానోమెట్రీ రిపోర్టు కలర్ ప్రింట్ అడిగి తీసుకోండి, కుదిరితే ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. నాకు ఇచ్చింది బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్, రెండో ఒపీనియన్ కోసం పట్టుకెళ్తే ఆ డాక్టరు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అంతా బూడిద రంగే ఉందండీ, ఒరిజినల్ తెప్పించుకుని రండి అని పంపించేశారు.